రాజా దీనదయాళు గారు

మన దేశమున ఛాయాచిత్రకళకు గౌరవము దెచ్చిన ప్రథములలో రాజా లాలా దీనదయాళు గారొకరు. వారు 1844వ సంవత్సరమున మీరటు చేరువనున్న సర్ధానాలో నొక జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య నేర్చి, 1866లో ఇందోరు నగరమున మరామతు శాఖలో అంచనాలు కట్టుటకును పటములు గీయుటకును కొలువున ప్రవేశించిరి. అచ్చట నుండగనే 1874లో కెమెరా చేతబట్టిరి. సర్ హెన్రీ డేలీ దొరగారు వారి నేర్పును గుర్తించి ప్రోత్సహించిరి. తరువాత సర్ లెపెల్ గ్రిఫిను దొరగారితో మధ్యభారతమున పర్యటించి, గ్వాలియరు, ఖజురాహో, సాంచి మున్నగు చోట్ల ప్రాచీన కట్టడములను చిత్రించిరి. ఆ చిత్రములు 1886లో గ్రంథముగా వెలువడెను.

అట్టి చిత్రములు తీయుట యెంత కష్టమో విద్యార్థులు తెలిసికొనవలయును. మన మైపాడు తీరమున నిలిచి చూచినచో, ఇసుకపై నున్న పడవయు, దాని కావలి యలలును, మిన్ను నీరును కలియు రేఖయు అన్నియు మనకు తేటగనే కనబడును. ఏలయన, కన్ను దూరమును బట్టి క్షణములో సర్దుకొనును. కెమెరా కట్టి సౌకర్యము లేదు. అది యొక్క దూరమునకే కుదురును. తక్కిన వస్తువులనుండి వచ్చు వెలుతురు పలకపై చుక్కగా పడక మచ్చగా పరచుకొనును. లెన్సు ద్వారమును చిన్నది చేసినచో ఆ మచ్చలు కుంచించుకొని, దగ్గరివియు దూరపువియు స్పష్టమగును. మఱియు మిక్కిలి దూరమునకు గాక, తగిన నడిమి దూరమునకు లెన్సును కుదిర్చినయెడల, ఆ దూరములో సగము మొదలుకొని దిగంతము వఱకు బొమ్మ తేటపడును.

కాని దీనికి మూల్యము కలదు. ద్వారపు వెడల్పును సగము చేసిన, లోనికి వచ్చు వెలుతురు నాలుగవ వంతగును. కావున నాలుగింతల కాలము వేచియుండవలెను. ఆ కాలపు పెద్ద గాజుపలకలకు పొడుగైన లెన్సులు కావలసియుండుటచే, ద్వారమును మఱింత చిన్నది చేయక తప్పదు. ఆ వ్యవధిలో గాలికి కొమ్మ యూగినను, మనిషి కదలినను చిత్రము చెడును. ద్వారము మితిమీఱి చిన్నదైనచో వెలుతురే చెదరి బొమ్మ మసకబాఱును. ఓర్పును మితమును గూడ ఎఱిగినవానికే యీ పని చేకూరును.

నెలనెల జీతము వచ్చు కొలువును విడిచి, దీనదయాళు గారు 1880వ దశకమున ఈ కళనే జీవనోపాధిగా నెంచుకొనిరి. కుటుంబము గలవాని కిది చిన్న సాహసము కాదు. హైదరాబాదున ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను గారు వారిని ఆస్థాన ఛాయాచిత్రకారులుగా నియమించి, రాజబిరుదముతో సన్మానించిరి. ఘోషా స్త్రీలకై 1892లో వారు హైదరాబాదున ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పిరి. అందు చిత్రములు తీయుపని యొక ఆంగ్లవనితకు అప్పగింపబడెను. 1897లో విక్టోరియా రాణి గారి నియామకపత్రము లభించెను.

రాజభవనములును వేటలును తీసిన ఆ కెమెరాయే, 1899-1900 సంవత్సరముల క్షామకాలమున ఔరంగాబాదు ప్రాంతపు అన్నార్తులను గూడ చిత్రించెను. వైభవమును చూపిన కెమెరా ఆకలిని దాచకుండుట వారి పనికి గొప్ప శోభ.

వారు 1905 జూలై 5వ తేదీన పరమపదించిరి. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారి గాజుపలకలను 2,857 సేకరించెను. 2006లో భారత తపాలాశాఖ వారి పేర బిళ్ల వెలువరించెను.

బాలబాలికలారా! దగ్గరి మేలును మాత్రమే చూచువానికి దూరము మసకబాఱును. దూరమునే చూచువాడు కాలిముందరి రాతిని గానడు. రెంటిని తేటగా చూడగోరువాడు తొందరను విడిచి నిలుకడగా వేచియుండవలెను. దీనదయాళు గారి గాజుపలకలు నేటికిని మనకు తెలుపున దిదియే.