తుంటి కీలుకు బేరింగ్ వేసిన డాక్టర్

మా సత్తెనపల్లిలో పెద్దవాళ్లు కాలుజారి పడ్డారంటే ముందు అడిగేది ఒకటే, తుంటి విరిగిందా అని. మా నాయనమ్మకి అదే అయింది. గుంటూరు తీసుకెళ్తే డాక్టర్ ఎక్స్‌రే చూపించి వివరంగా చెప్పారు. తొడ ఎముక మెడ భాగం విరిగి పక్కకి జరిగితే పైనున్న బంతికి రక్తం సరిగా అందదు. ఆ వయసులో అది అతుక్కోవడం కష్టం కాబట్టి బంతినే మార్చేస్తారు. ఇంకాస్త హుషారుగా తిరిగే మనిషైతే బంతితో పాటు గిన్నె కూడా మారుస్తారు. మెడకి కింద విరిగితే మాత్రం రాడ్డు, స్క్రూలతో బిగిస్తారు. మెకానికల్ చదివిన నాకు ఇదంతా బేరింగ్ మార్చడంలాగే వినిపించింది. ఆ రాత్రి వార్డు బయట కూర్చుని ఫోన్లో చదువుతుంటే జాన్ చార్న్‌లీ తగిలాడు.

ఇంగ్లండ్‌లోని బరీ పట్టణంలో 1911లో పుట్టాడు. నాన్న మందుల షాపు నడిపేవాడు, అమ్మ నర్సు. మాంచెస్టర్‌లో మెడిసిన్ చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ డాక్టరుగా పనిచేశాడు. పనిముట్లు తయారు చేయడమంటే పిచ్చి.

అప్పట్లో తుంటికి యాక్రిలిక్ బంతి వేసేవాళ్లు. అలా వేయించుకున్న ఒకాయన కదిలితే చాలు, కీలు కీచుమనేదట. ఆ మోత భరించలేక భార్య ఆయన ఉన్న గదిలో ఉండేది కాదట! మనమైతే నవ్వి వదిలేస్తాం. చార్న్‌లీ మాత్రం అది రాపిడి సమస్య అని పట్టుకున్నాడు. బంతిని చిన్నది చేశాడు, 22.225 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడొంతులు. పళ్ల డాక్టర్లు వాడే యాక్రిలిక్‌నే సిమెంటుగా వాడి కాడను ఎముకలో కూర్చాడు. గిన్నెకి టెఫ్లాన్ ఎంచుకున్నాడు.

ఇక్కడే దెబ్బ తగిలింది. దాదాపు 300 మందికి వేశాక టెఫ్లాన్ అరిగిపోవడం మొదలైంది. ఆ పొడి చుట్టూ కండ వాచి, ఎముక తినేసింది. నడిపించిన మనుషులే మళ్లీ కుంటుతూ వచ్చారు. ఆయన తప్పించుకోలేదు, తిరిగి ఆపరేషన్లు చేసుకుంటూ వచ్చాడు. టెఫ్లాన్‌ని తన తొడలోనే పెట్టించుకుని ఒంట్లో ఏం చేస్తుందో చూసుకున్నాడు. ఇది మాత్రం మీరు చేయకండి.

1962లో ఒక సేల్స్‌మ్యాన్ కొత్త ప్లాస్టిక్ ముక్క పట్టుకుని రైటింగ్‌టన్ ఆస్పత్రి వర్క్‌షాపుకి వచ్చాడు. లాంకషైర్ బట్టల మిల్లుల్లో మగ్గాల గేర్లకి వాడే సరుకు అది. పత్తి ఊరివాడిని కదా, ఇది చదివి కాసేపు ఆగిపోయాను. చార్న్‌లీ గోటితో గీరి చూసి, పనికిరాదని పక్కన పెట్టేశాడు. ఆయన ఊళ్లో లేనప్పుడు వర్క్‌షాప్ చూసుకునే హ్యారీ క్రేవెన్ ఆ ముక్కని అరుగుదల మెషీన్‌కి బిగించేశాడు. మూడు వారాలు ఆడించినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. నా దృష్టిలో ఈ కథలో సగం హీరో క్రేవెనే. తప్పు ఒప్పుకుని, అదే ఏడాది నవంబర్లో ఆ పాలిథిలీన్ గిన్నెని మనిషికి వేసిన డాక్టరుది మిగతా సగం.

తర్వాత ఆపరేషన్ గదిలో గాలిని వడగట్టే ఏర్పాటు చేసి ఇన్ఫెక్షన్లను బాగా తగ్గించాడు. 1974లో లాస్కర్ అవార్డు, 1977లో సర్ బిరుదు వచ్చాయి. చనిపోయాక ఆ కీలు తిరిగి ఇవ్వమని పేషెంట్లను అడిగి రాయించుకునేవాడు, ఎంత అరిగిందో కొలవడానికి. 1982లో, 70 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

నాయనమ్మకి బంతి ఒక్కటే మార్చారు, సిమెంటు పెట్టి. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. లోపల ఏం వేశార్రా అని అడిగింది. పళ్ల డాక్టర్ల సిమెంటు అంటే, మరి నా కట్టుడు పళ్లెందుకు కదుల్తున్నాయి అంది.