క్రియో కోసం కలం పట్టిన థామస్ డెక్కర్

పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో సంతకెళ్ళినా, బస్సెక్కినా వినపడే భాష క్రియో. ఇంట్లో పుట్టుకతో మాట్లాడేవాళ్ళు కొద్దిమందే. కానీ వేర్వేరు తెగలవాళ్ళు కలిస్తే మాట్లాడుకునేది అందులోనే. బానిసత్వం నుంచి బయటపడి, 1787 మొదలు విడతలు విడతలుగా అక్కడికి చేరినవాళ్ళ నోళ్ళలో తయారైంది. మాటలు ఎక్కువగా ఇంగ్లీషువే అయినా యొరుబా, పోర్చుగీసు కూడా కలిశాయి. చంటిబిడ్డను పికిన్ అంటారు. అది పోర్చుగీసు మాటే.

చదువుకున్నవాళ్ళకు మాత్రం అది చెడిపోయిన ఇంగ్లీషు. మీరు మాట్లాడేదీ ఒక తెలుగేనా అనిపించుకున్న హోసూరు, బళ్ళారి మనవాళ్ళకు ఆ ఎగతాళి ఎలా ఉంటుందో మేము చెప్పనక్కర్లేదు.

ఆ మాటను ఒప్పుకోని మనిషి థామస్ డెక్కర్. 1916లో నైజీరియాలోని కలబార్‌లో సియెర్రా లియోన్ దంపతులకు పుట్టారు, పత్రికా రచయిత అయ్యారు. 1939లో ఫ్రీటౌన్ పత్రికలోనే వాదన మొదలుపెట్టారు: క్రియో ఒక భాష, దానికి సొంత నడక ఉంది. నిజమే మరి. ఇంగ్లీషులోలా క్రియాపదం రూపం మారదు. దాని ముందు 'బిన్' పెడితే జరిగిపోయింది, 'గో' పెడితే జరగబోయేది. చెడిపోయిన భాషకు ఇంత పద్ధతి ఎక్కడిది?

వాదించి ఊరుకుంటే ఆయన్ని ఇన్నాళ్ళు తలుచుకునేవాళ్ళం కాదేమో. క్రియోలో జోలపాట రాశారు, పద్యాలు రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్ళకు, 1964లో, షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకాన్ని క్రియోలోకి తెచ్చారు. తర్వాత యాజ్ యూ లైక్ ఇట్ వంతు. ఎంత గంభీరమైన విషయమైనా ఈ భాషలో చెప్పవచ్చని చూపించడం ఒక ఉద్దేశం. బడిలో షేక్స్‌పియర్ చదివే అవకాశం లేనివాళ్ళకు ఆ నాటకం తమ మాటల్లో చూపించడం రెండోది. మాకు రెండోదే పెద్దదిగా తోస్తుంది. పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ళకోసం పుస్తకాలు రాసిన మన గిడుగు రామమూర్తిగారు గుర్తుకొస్తారు. తేడా ఒక్కటే, డెక్కర్ పోరాడింది తన సొంత భాష కోసం, తనవాళ్ళతోనే.

ఆయన 1978లో కన్నుమూశారు. క్రియో-ఇంగ్లీషు పెద్ద నిఘంటువు 1980లో వచ్చింది. ఆయన సీజర్ పుస్తకరూపంలో అచ్చయింది 1988లో, అదీ స్వీడన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి.