క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (జూన్ 22, 1909 - జూన్ 11, 1995) ఆస్ట్రియాలో జన్మించిన ప్రముఖ మానవశాస్త్రవేత్త. ఆదిలాబాదు గోండులకు చేసిన సేవ వలన ఈయన తెలుగువారికి సుపరిచితుడు. అయితే అంతకు ముందే పాల్వంచ సంస్థానపు గోదావరి అడవులలో కొండరెడ్ల జీవనాన్ని పరిశీలించాడు. దట్టమైన అడవి నడుమ నివసించేవారు అప్పులలో ఎందుకు కూరుకుపోతున్నారో ఆ పరిశీలనలోనే వివరించాడు.

తొలి జీవితం

ఈయన వియన్నా నగరంలో జన్మించాడు. 1931లో అక్కడి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. తరువాత లండనులో మలినోవ్‌స్కీ వద్ద శిక్షణ పొంది, 1936-37లో నాగా కొండలలో పరిశోధన చేశాడు. 1939లో భార్య ఎలిజబెత్‌తో (బెట్టీ) తిరిగి భారతదేశానికి వచ్చేసరికి రెండవ ప్రపంచయుద్ధం మొదలయింది. జర్మను పాస్‌పోర్టు కలిగి ఉన్నందున ఆంగ్ల ప్రభుత్వం ఈయనను హైదరాబాదు రాజ్యం దాటి వెళ్ళరాదని నిర్బంధించింది. తెలుగునాట గిరిజన అధ్యయనానికి ఈ నిర్బంధమే మేలు చేసింది. 1940లో నల్లమల చెంచులను, 1941లో కొండరెడ్లను ఈయన అధ్యయనం చేశాడు.

కొండరెడ్ల మధ్య

పాపికొండల ప్రాంతంలో గోదావరికి రెండు వైపులా కొండరెడ్లు నివసిస్తారు. ఆనాడు పాల్వంచ వైపు గ్రామాలు నిజాం రాజ్యంలోని వరంగల్లు జిల్లాలోను, భద్రాచలం వైపు గ్రామాలు మద్రాసు రాష్ట్రంలోను ఉండేవి. ఆ విధంగా ఒకే తెగవారు రెండు ప్రభుత్వాల అటవీ శాఖలకు లోబడి జీవించవలసి వచ్చేది.

వీరి ప్రధాన వృత్తి పోడు వ్యవసాయం. వేసవిలో కొండవాలు మీది చెట్లను నరికి, ఎండిన తరువాత కాల్చి, తొలకరికి కర్రతో గుంటలు పొడిచి జొన్న, చిరుధాన్యాలు విత్తేవారు. కొద్ది సంవత్సరాల తరువాత ఆ చోటు విడిచి మరొక చోటికి పోగా, విడిచిన నేలలో మరల అడవి పెరిగేది. ధాన్యం అయిపోయిన వానాకాలంలో జీలుగు చెట్టు బోదెలోని పిండి, మామిడి టెంకలలోని జీడి, అడవి దుంపలు ఆహారమయ్యేవి.

గోదావరి ఒడ్డున పరిస్థితి వేరుగా ఉండేది. అక్కడి వెదురును, కలపను నది మీదుగా రాజమండ్రికి తరలించే వర్తకులు కొండరెడ్లకు ధాన్యం, బట్టలు అప్పుగా ఇచ్చి, ఆ అప్పు క్రింద పని చేయించుకునేవారు. లెక్కలు వర్తకుని పుస్తకంలోనే ఉండేవి. చదువురాని కూలీకి తన బాకీ ఎంతో తెలిసేది కాదు. అడవిపనికి కట్టుబడినవారికి సొంత పోడు చూసుకొనే వ్యవధి తగ్గేది. పంట తగ్గితే అప్పు పెరిగేది. లోపలి కొండలలో పోడు మీదనే బతికేవారు పేదలే అయినా, ఒడ్డున కూలీలుగా మారినవారికంటె స్వతంత్రులని హైమన్‌డార్ఫ్ గమనించాడు. పేదరికానికి పోడు ఒక్కటే కారణమని తలచే అధికారులకు ఇది మింగుడుపడని మాటే.

ఈ అధ్యయనం 1945లో ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్ అనే గ్రంథంగా వెలువడింది. బైసన్ అనగా అడవిదున్న.

సలహాదారుగా

1945లో ఈయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమితుడయ్యాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించాడు. ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడడానికి, వేలాది గిరిజన కుటుంబాలకు భూమి పట్టాలు లభించడానికి ఈయన కృషి కారణం. 1940 నాటి కొమురం భీం పోరాటం తరువాత గిరిజనులను శాంతపరచడానికే నిజాం ప్రభుత్వం ఈయనను వినియోగించుకున్నదని విమర్శించే చరిత్రకారులు ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కాని పట్టాలు మాత్రం గిరిజనుల చేతికే వచ్చాయి.

తరువాతి జీవితం

1949లో లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951లో ఆచార్యుడై, 1976లో పదవీ విరమణ చేశాడు. నేపాలు షెర్పాలపై ప్రసిద్ధ గ్రంథం వ్రాశాడు. పదవీ విరమణానంతరం తెలుగు ప్రాంతాలకు తిరిగి వచ్చి, తాను మునుపు చూసిన తెగల స్థితిని మరల పరిశీలించాడు. రక్షణ చట్టాలు ఉన్నప్పటికీ గిరిజనుల భూములు ఇతరుల పాలవుతున్న తీరును 1982లో వెలువడిన ట్రైబ్స్ ఆఫ్ ఇండియా గ్రంథంలో నమోదు చేశాడు.

పాల్వంచ ప్రాంతం 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో చేరగా, భద్రాచలం 1959లో అదే జిల్లాలో కలిసింది. కొయిదా, కాకిస్నూరు వంటి కొండరెడ్ల గ్రామాలున్న వేలేరుపాడు మండలాన్ని పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించింది. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. లండనులో మరణించిన హైమన్‌డార్ఫ్ చితాభస్మాన్ని తరువాత ఆ సమాధి ప్రక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ వర్ధంతి జరుపుతారు.