ఊరిని బట్టి జీతమా? మంత్రి పదవినే వదులుకున్న గిరి

విజయవాడలో నెలకు 18 వేలతో ఒక ఆఫర్. హైదరాబాద్‌లో 25 వేలతో ఇంకొకటి. మైలవరంలోనో, నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో డిగ్రీ, బీటెక్ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లలో చాలామందికి ఇలాంటి లెక్క ఏదో ఒక రోజు ఎదురవుతుంది. మనసు పెద్ద అంకె వైపు లాగుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం అద్దె లేదు, ఇంటి తిండి ఉంది, దగ్గర్లోదే చూసుకోమంటారు. ఎవరి మాట కరెక్టు?

ఊరు మారితే జీతం ఎంత మారాలన్న ఈ ప్రశ్న మీద ఒకప్పుడు దేశమంతటా పెద్ద తగాదా నడిచింది. ఆ తగాదాలో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న ఒక తెలుగాయన పదవికి రాజీనామా చేసి బయటికొచ్చేశారు. ఆయన వరాహగిరి వెంకటగిరి. పోటీ పరీక్షల్లో నాలుగో రాష్ట్రపతి ఎవరంటే వి.వి.గిరి అని టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. కానీ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఆయన రాష్ట్రపతి కాకముందు చేసిన పనులే ఎక్కువ పనికొస్తాయి.

లా చదవడానికి వెళ్తే..

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది కానీ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా ఊరు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న లాయరు. కొడుకు కూడా అదే దారిలో నడవాలని 1913లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు లా చదవడానికి పంపారు.

గిరి వెళ్లిన ఏడాదే డబ్లిన్‌లో పెద్ద కార్మిక పోరాటం జరిగింది. యూనియన్‌లో చేరిన కార్మికుల్ని యజమానులు పనిలోకి రానివ్వకుండా గేట్లు మూసేశారు. వేలమంది నెలల తరబడి కూలి లేకుండా ఉండిపోయారు. ఆ పోరాటానికి ముందున్న వాళ్లలో జేమ్స్ కానలీ ఒకరు. గిరి మీద ఐర్లండ్ జాతీయ ఉద్యమ ప్రభావం, కానలీ లాంటి కార్మిక నాయకుల ప్రభావం గట్టిగా పడ్డాయి. 1916లో ఈస్టర్ తిరుగుబాటు వచ్చింది. దాని తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కానలీని కాల్చి చంపింది. ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని దేశం విడిచి వెళ్లమంది. అదే ఏడాది ఆయన తిరిగొచ్చేశారు.

రైలు పట్టాల మీద తెలుగువాళ్లు

గిరి బరంపురంలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో దిగారు, జైలుకెళ్లారు. కానీ ఆయన్ను దేశానికి పరిచయం చేసింది రైల్వే కార్మికులు.

అప్పట్లో ఆ వైపు నడిచే లైను బెంగాల్ నాగపూర్ రైల్వేది. దాని పెద్ద వర్క్‌షాపు బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉండేది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు పని కోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు బాగా కనిపించడానికి కారణం అదే. సొంతూరు వదిలి, అద్దె కట్టుకుని, ఇంటికి డబ్బు పంపాల్సిన బతుకులు వాళ్లవి. మన హాస్టల్ బతుకుల్లాంటివే అనుకోండి, యాప్‌లో డబ్బు పంపే సౌకర్యం తప్ప.

ఆ రైల్వే ఉద్యోగుల సంఘాన్ని గిరి నడిపించారు. 1928లో కంపెనీ కార్మికుల్ని తీసేయడం మొదలుపెట్టినప్పుడు వాళ్ల సమ్మెకు నాయకత్వం వహించారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను నిలబెట్టిన వాళ్లలో ఆయన ఒకరు. 1926లో ఏఐటీయూసీకి అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలోనూ కార్మికుల తరఫున కూర్చున్నారు.

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు పోటీచేసి బొబ్బిలి రాజాను ఆయన సొంత ఇలాకాలోనే ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ కార్మిక శాఖే చూశారు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

బ్యాంకు గుమస్తా జీతం ఎంత?

అప్పట్లో బ్యాంకులు ప్రైవేటువి. ఒక్కో బ్యాంకు ఒక్కోలా జీతాలిచ్చేది. ఒకే పనికి దేశమంతా ఎంత ఇవ్వాలో తేల్చమని ప్రభుత్వం ట్రిబ్యునల్ వేసింది. మొదట సేన్ ట్రిబ్యునల్ 1950లో తీర్పు ఇస్తే, దాన్ని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత వచ్చిన శాస్త్రి ట్రిబ్యునల్ 1953లో మరో తీర్పు ఇచ్చింది.

ఇక్కడే ఊళ్ల గొడవ వచ్చింది. బొంబాయిలో అద్దె వేరు, చిన్న తాలూకా కేంద్రంలో అద్దె వేరు. అందుకని ట్రిబ్యునల్ దేశంలోని ఊళ్లను మూడు తరగతులుగా విడగొట్టింది. పెద్ద నగరాలకు ఎక్కువ స్కేలు, మధ్యరకం పట్టణాలకు కాస్త తక్కువ, మిగతావాటికి ఇంకా తక్కువ. పైకి చూస్తే న్యాయంగానే అనిపిస్తుంది.

ఈ తీర్పు మీద అప్పీళ్లు వెళ్లాయి. 1954 ఏప్రిల్‌లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తన నిర్ణయం చెప్పింది. అయిపోయిందని ఉద్యోగులు అనుకున్నారు. కానీ బ్యాంకులు ఆ భారం మోయలేవంటూ, ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని మారుస్తూ ఉత్తర్వులిచ్చింది. ఉన్న మూడు తరగతులకు కింద చిన్న ఊళ్ల కోసం నాలుగో తరగతిని తెచ్చింది. అంటే చిన్న ఊరి బ్రాంచిలో లెడ్జర్ రాసే గుమస్తా జీతం మరో మెట్టు కిందికి దిగింది.

కార్మిక మంత్రి గిరి దీనికి ఒప్పుకోలేదు. ప్రభుత్వంలో ఉంటూ ప్రభుత్వ నిర్ణయాన్ని తాను సమర్థించలేనని తప్పుకున్నారు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. నిజానికి గిరికి ట్రిబ్యునళ్లంటే పెద్ద ఇష్టం లేదు. తగాదా వస్తే కోర్టుకు పరుగెత్తకుండా యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. కార్మిక సంబంధాల పాఠాల్లో దీన్నే గిరి విధానం అంటారు. అలాంటి మనిషి ట్రిబ్యునల్ నిర్ణయం కోసం పదవి వదులుకున్నారు. నచ్చినా నచ్చకపోయినా రెండు పక్షాలూ వాదించుకుని తెచ్చుకున్న తీర్పు అది. దాన్ని పైనుంచి ఒకరు మార్చేస్తే ఇక ఎవరూ ఏ తీర్పునూ నమ్మరు.

రాజీనామా ఊరికే పోలేదు. ప్రభుత్వం బ్యాంక్ అవార్డు కమిషన్ వేయాల్సి వచ్చింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1955లో చట్టం చేసింది. 1966లో బ్యాంకులు, ఉద్యోగ సంఘాలు ఎదురెదురుగా కూర్చుని తొలి ద్వైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. గిరి మొదట్నుంచీ చెప్పిన దారి అదే. ఇప్పుడు మీరు క్లర్కు పరీక్ష రాసి ప్రభుత్వ బ్యాంకులో చేరితే, జగ్గయ్యపేట బ్రాంచిలో వేసినా ముంబయిలో వేసినా మూల వేతనం ఒకటే. తేడా వచ్చేది కొన్ని అలవెన్సుల్లోనే.

గిరికి మాత్రం వెంటనే మంచి రోజులు రాలేదు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నర్‌గా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే నెలలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోవడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు తీసుకున్నారు. ఆ జులై 19న 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్స్ వచ్చింది. దానిమీద సంతకం చేసింది ఆయనే. బ్యాంకు గుమస్తాల కోసం మంత్రి పదవి వదిలిన పదిహేనేళ్లకు, ఆ బ్యాంకుల్ని ప్రభుత్వపరం చేసే కాగితం ఆయన టేబుల్ మీదికే వచ్చింది! మరునాడే రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడి గెలిచారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

చిన్న ఊళ్లో ఏది చౌక? ఏది కాదు?

మళ్లీ మన లెక్కకొద్దాం. చిన్న ఊరైతే ఖర్చు తక్కువ అన్నది సగమే నిజం. అద్దె తగ్గుతుంది. ఆ మాట నిజమే. కానీ ఫోన్ రీచార్జి మైలవరంలో ఎంతో మాదాపూర్‌లోనూ అంతే. గ్యాస్ బండ, మందుబిళ్లలు, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్ ఈఎంఐ.. ఇవేవీ ఊరు చిన్నదని చెప్పుకోదగ్గ డిస్కౌంటు ఇవ్వవు. పెద్ద జబ్బు చేస్తే చిన్న ఊరివాళ్లు బస్సెక్కి విజయవాడ వెళ్లాలి. ఆ ఖర్చు అదనం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ తేడాను ఎలా చూశారో గమనించండి. మూల వేతనం అన్నిచోట్లా ఒకటే. ఇంటి అద్దె భత్యం మాత్రం హైదరాబాద్ లాంటి ఎక్స్ తరగతి నగరాల్లో 30 శాతం, విజయవాడ లాంటి వై తరగతి నగరాల్లో 20 శాతం, మిగతా ఊళ్లలో 10 శాతం. ఏడో వేతన సంఘం ప్రకారం 18,000 మూల వేతనం మీద అది 5,400, 3,600, 1,800 రూపాయలు. మనిషి పనికి విలువ ఎక్కడైనా ఒకటే, అద్దె దగ్గరే తేడా అన్నమాట.

ప్రైవేటులో ఈ వివరం ఎవరూ విడదీసి చెప్పరు. మనమే చేసుకోవాలి. పేపర్, పెన్ను తీసుకోండి. కింద ఖర్చులన్నీ ఉదాహరణకే. మీవి మీరు వేసుకోండి.

నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 208 గంటల పని. చేతికొచ్చే జీతాన్ని దాంతో భాగిస్తే 18 వేలకు గంటకు సుమారు 87 రూపాయలు, 25 వేలకు 120. ఇక్కడ ఆగిపోతే హైదరాబాదే గెలిచినట్టు.

ఇప్పుడు విజయవాడ ఉద్యోగానికి మైలవరం నుంచి రోజూ వెళ్లొస్తున్నారనుకుందాం. బస్సుకు నెలకు 2 వేలు, ఇంట్లో ఇచ్చేది 3 వేలు. మిగిలేది 13 వేలు. కానీ ప్రయాణానికి రోజూ రెండున్నర గంటలు పోతే నెలకు 65 గంటలు. మొత్తం 273 గంటలకు 13 వేలు, అంటే గంటకు సుమారు 48 రూపాయలు.

హైదరాబాద్‌లో భోజనంతో హాస్టల్ 8 వేలు, తిరగడానికి 2 వేలు, పండక్కి ఊరొచ్చే ఖర్చూ చిల్లర ఖర్చులూ 3 వేలు అనుకుందాం. మిగిలేది 12 వేలు. రోజూ గంటన్నర ప్రయాణం కలిపితే 247 గంటలు. గంటకు సుమారు 49 రూపాయలు.

జీతంలో 7 వేల తేడా ఉన్న రెండు ఉద్యోగాలు చివరికి ఒక్క రూపాయి తేడాకొచ్చాయి. పైగా నెలాఖరున చేతిలో మిగిలేది విజయవాడలోనే వెయ్యి ఎక్కువ, హైదరాబాద్‌లో ఖాళీ సమయం 26 గంటలు ఎక్కువ. ఇక పని నేర్చుకునే అవకాశం, రెండేళ్ల తర్వాత వచ్చే జీతం మీరే తూచుకోవాలి.

ఒక హెచ్చరిక. వినియోగదారుల ధరల సూచీ చూసి ఏ ఊరు ఖరీదో తేల్చేయకండి. లేబర్ బ్యూరో దేశంలో 88 కేంద్రాలకు ఈ సూచీ వేస్తుంది, అందులో గుంటూరు, విశాఖ ఉన్నాయి. కానీ ఒక ఊళ్లో ధరలు 2016 నుంచి ఎంత పెరిగాయో మాత్రమే అది చెబుతుంది. ఒక ఊరి అంకెను ఇంకో ఊరి అంకెతో పోల్చి ఇది ఖరీదు, అది చౌక అనడానికి కుదరదు.

ఈసారి ఇంటర్వ్యూలో చిన్న ఊరి బ్రాంచి కాబట్టి జీతం తక్కువ అన్నారనుకోండి. తలూపే ముందు మూడు సంగతులు అడగండి. ఇదే పనికి పెద్ద బ్రాంచిలో మూల వేతనం ఎంత? తగ్గించింది అద్దె భత్యమా, మూల వేతనమా? రేపు బదిలీ అయితే జీతం ఎలా మారుతుంది? అద్దె భత్యం తగ్గిస్తే దానికో లెక్కుంది. మూల వేతనమే తగ్గించారంటే, పీఎఫ్ దగ్గర్నుంచి ఇంక్రిమెంట్ దాకా దానిమీద లెక్కగట్టేవన్నీ తగ్గిపోతాయి. జవాబులు మాటల్లో కాకుండా ఆఫర్ లెటర్‌లో ఉండేలా చూసుకోండి.