ఆదివారం సెలవు అడిగినాయన

మనకు మల్లన్న, మరాఠీ వాళ్లకు ఖండోబా. ఇద్దరిదీ ఆదివారమే. కొమురవెల్లిలో జాతర ఆదివారాల్లో జరుగుతుంది. ఇక్కడ బాళే ఖండోబా గుడిలో రద్దీ ఉండేదీ ఆదివారమే. కానీ ఆ రోజు గిర్ణి మూసి ఉంచండి, మా మనుషులను దేవుడి దగ్గరికి పోనివ్వండి అని ఒకప్పుడు అర్జీ పెట్టి అడగాల్సి వచ్చిందని మన పిల్లలకు తెలియదు. అడిగినాయన పేరు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన తెలుగువాడు కాదు. అయితే ఆయన ఉన్న ఉద్యమానికి అండగా నిలిచిన వాళ్లలో మన తెలుగువాళ్లు ఉన్నారు. అందుకే ఆయన కథ దాజీ పేట్‌లో కూడా చెప్పుకోవాలి.

సోలాపూర్ అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. బొంబాయి రాజధాని. ఆ రాజధాని గురించి రాసేటప్పుడు విక్టోరియా టెర్మినస్ గురించి, హైకోర్టు భవనం గురించి చాలామంది రాశారు. పొద్దున నాలుగింటికి చాల్‌లో లేచే మనిషి గురించి తక్కువ మంది రాశారు. 1856లో మొదటి బట్టల మిల్లు నడవడం మొదలైంది. 1880ల నాటికి గిర్ణుల పొగగొట్టాలతో ఆకాశం నిండిపోయింది. గిర్ణుల్లో దీపాలు లేవు. కాబట్టి తెల్లవారితే పని మొదలు, చీకటి పడితే ముగింపు. చలికాలంలో పది గంటలైతే, ఎండాకాలంలో పదమూడు దాటేది. ఇంట్లో గడియారం ఎవరికి ఉంది? ఆలస్యమైతే గేటు మూస్తారన్న భయంతో అంచనా మీద లేచి, ఇంకా చీకటి ఉండగానే వచ్చి గేటు ముందు కునుకు తీసేవాళ్లు. మధ్యాహ్నం తిండికి వేరే సమయం లేదు. పక్కవాడు యంత్రం చూస్తుంటే ఒక మూలన కూర్చుని రొట్టె తినాలి. ఆదివారం నూలు తీయకపోయినా యంత్రాలు తుడవడానికి రావాలి. జీతం చేతికి వచ్చేసరికి నెల దాటి ఇంకో నెల నడుస్తుండేది. ఈలోగా కొట్లో ఉద్దెర, ఉద్దెర మీద వడ్డీ. ఈ ఉద్దెర సంగతి మన తాతలకు వేరే చెప్పనక్కర్లేదు.

లోఖండే 1848లో ఠాణేలో, ఫుల్‌మాలీ కుటుంబంలో పుట్టారు. కొంత చదువు, రైల్వేలో, తపాలాలో కొన్నాళ్లు ఉద్యోగం, తర్వాత మాండ్వీలో ఒక మిల్లులో స్టోర్ కీపర్. సామాన్లు లెక్క రాసే కుర్చీలోంచి ఆయన మనుషులను చూశారు. జోతిరావు ఫూలే 1873లో పుణెలో పెట్టిన సత్యశోధక సమాజం ఆయనకు దారి చూపించింది. 1877లో కృష్ణారావు భాలేకర్ పుణెలో మొదలుపెట్టిన దీనబంధు పత్రిక డబ్బు లేక ఆగిపోతే, 1880లో లోఖండే దాన్ని బొంబాయికి తెచ్చి తన భుజాన వేసుకున్నారు. నెల జీతం వచ్చే ఉద్యోగం వదిలి నష్టాల పత్రిక పట్టుకోవడం తెలివైన పని అని ఆయన బంధువులెవరూ అనుకుని ఉండరు.

ఇక్కడే మనవాళ్లు వస్తారు. నిజాం రాజ్యం నుంచి కూలికి, మేస్త్రీ పనికి పోయిన కామాటీల పేరు మీదే కామాటిపుర ఏర్పడింది. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటివాళ్లు సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండ. ఆ మరాఠీ ఉద్యమంలో తెలుగు ఇళ్లు మొదటి నుంచీ ఉన్నాయి. మన దగ్గర ఈ పేర్లు ఎందుకు మరిచిపోయామో నాకు అర్థం కాదు.

1884లో కార్మికుల స్థితి చూడటానికి సర్కారు కమిషన్ వేసింది. లోఖండే సెప్టెంబర్‌లో పరేల్‌లో కూలీల సభలు పెట్టి, 5,500 మంది పేర్లతో అర్జీ తయారుచేశారు. అడిగినవి పెద్ద కోరికలు కావు. వారానికి ఒక ఆదివారం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పొద్దున ఆరున్నరకు మొదలై సూర్యాస్తమయంతో ఆగే పని. జీతం మరుసటి నెల పదిహేనో తేదీలోపు. దెబ్బ తగిలినవాడికి కోలుకునేదాకా కూలి, అవిటివాడైతే బతుకుదెరువుకు ఏదైనా ఏర్పాటు. హిందువులకు ఆదివారమే ఎందుకు అనే ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అది ఖండోబా వారం అన్నారు. ఆరు రోజులు యజమానికి పనిచేసిన మనిషికి తన సమాజం కోసం ఒక రోజు దక్కాలి అని కూడా వాదించారు.

ఆరేళ్లు తిరిగాయి. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి మైదానంలో పది వేల మంది కూలీలు చేరారు. ఇద్దరు ఆడవాళ్లు లేచి మాట్లాడారు. ఆ కాలంలో, అంతమంది మగవాళ్ల ముందు! జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. మరుసటి ఏడు ఫ్యాక్టరీ చట్టం మారింది. ఆడవాళ్లకు రోజుకు పదకొండు గంటలకు మించని పని, తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు గిర్ణిలో పని లేదు, వారానికి ఒక సెలవు.

సోలాపూర్‌లో మొదటి గిర్ణి, మనం జునీ గిర్ణి అనేది, 1877లోనే మొదలైంది. చట్టం దానికీ వర్తించింది. ఇంట్లో గుంట మగ్గం మీద కూర్చున్నవాడికి మాత్రం వర్తించలేదు. ఇంటి మగ్గానికి గేటు లేదు, మూసేవాడు లేడు. తర్వాత మన ఆడవాళ్లు పట్టుకున్న బీడీ చాట కూడా అంతే. వెయ్యికి ఇంత అని లెక్క కట్టే పనిలో సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే. లోఖండే అర్జీ గిర్ణి గేటు దాకానే వచ్చింది.

ఆయన పని సెలవుతో ఆగలేదు. 1890లోనే బొంబాయి మంగలివాళ్లు సభ పెట్టి, విధవల తలలు గొరగము అని తీర్మానించారు. వాళ్ల వెనుక లోఖండే ఉన్నారు. 1893లో హిందూ ముస్లిం అల్లర్లు జరిగితే రాణీబాగ్‌లో ఇరువర్గాలనూ కలిపి శాంతి సభ జరిపించారు. దానికి సర్కారు రావు బహాదుర్ బిరుదు ఇచ్చింది.

1896లో మాండ్వీలో ప్లేగు బయటపడింది. మూటలు కట్టుకుని కూలీలు వేలమంది ఊళ్లకు పరుగు తీశారు. ఎలుక పడితే ఇల్లు ఖాళీ చేసిన కథలు మన పెద్దల దగ్గర కూడా ఉన్నాయి. లోఖండే ఊరు వదల్లేదు. రోగుల కోసం తాత్కాలిక ఆసుపత్రి తెరిచి, వాళ్ల మధ్యే తిరిగారు. అదే రోగం ఆయనకూ తగిలింది. 1897 ఫిబ్రవరి 9న పోయారు. యాభై ఏళ్లు కూడా నిండలేదు. దాదాపు నెలకు, మార్చి 10న, పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి ఫూలే కూడా కన్నుమూశారు. 2005లో భారత తపాలా శాఖ లోఖండే బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.