కీళ్లకు వరం... కంటికి గండం
కళ్లు ఎర్రబడగానే మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకుంటున్నారా? అయితే ఫిలిప్ హెంచ్ గురించి మీరు తెలుసుకోవాలి.

హెంచ్ 1896లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. మేయో క్లినిక్‌లో కీళ్లవాతానికి వైద్యం చేసేవారు. కామెర్లు వచ్చినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు కొందరికి కీళ్లనొప్పులు తగ్గడం గమనించారు. ఒంట్లోనే ఏదో మందు తయారవుతోందని నమ్మి, ఏళ్ల తరబడి వెతికారు. సహచరుడు కెండాల్ అడ్రినల్ గ్రంథి నుంచి వేరుచేసిన కార్టిజోన్ హార్మోన్‌ను 1948లో ఓ మహిళకు ఇచ్చారు. మంచం దిగలేని ఆమె కొద్ది రోజుల్లోనే నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. 1965లో కన్నుమూశారు.

ఆ మందు తెచ్చిన మేలుతోపాటే ముప్పూ బయటపడింది. మన కంట్లో నిత్యం ద్రవం ఊరుతుంది, జల్లెడలాంటి దారిలో బయటికి పోతుంది. అందుకే ఒత్తిడి సాధారణంగా 10-21 మి.మీ. మధ్య ఉంటుంది. స్టెరాయిడ్లు వారాల తరబడి వాడితే కొందరిలో ఆ దారి బిగుసుకుని ఒత్తిడి పెరుగుతుంది. చాలామందికి నొప్పి తెలియదు. గ్లకోమా వల్ల పోయిన చూపు తిరిగి రాదు.

కాబట్టి చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు. డాక్టర్ రాసినవైతే సొంతంగా మానేయకుండా, కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉంటే ముందే చెప్పండి.