క్లౌ దొరగారికి దేవుడిచ్చిన రెండో తోడు

ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొరగారి పేరు తెలియని విశ్వాసి అరుదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో నేటికీ సాక్ష్యంగా చెప్పుకుంటాం. ఆయన ఇంటి దుఃఖం మాత్రం చాలామందికి తెలియదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1861లో హారియట్‌ను వివాహమాడారు. 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. ఆ తొలి దినాల కష్టంలో హారియట్ ఆయనకు సహకారి. 1893లో ఆమె ప్రభువునందు నిద్రించారు. అరవైకి చేరువలో ఆయన ఒంటరివారయ్యారు.

1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడారు. ఆమె 1882లోనే తెలుగు మిషన్ సేవకు వచ్చిన మిషనరీ. చెప్పులు కుట్టి బతికే మాదిగ విశ్వాసుల జీవితాలను 1899లో ఇంగ్లిష్‌లో పుస్తకంగా రాశారు. 1910లో దొరగారు కన్నుమూశాక, ఆయన తనకు చెప్పిన జీవితకథను 1914లో అచ్చువేయించారు. హారియట్‌తో గడిచిన తొలినాళ్ల సేవ కూడా ఆ కథలో భాగమే. రెండో ప్రేమ మొదటి ప్రేమను తుడిచివేయలేదు, దాని ఫలాన్ని భద్రపరచింది.

భర్త మరణించిన స్త్రీ ప్రభువునందు తిరిగి వివాహం చేసుకోవచ్చని పౌలు భక్తుడు 1 కొరింథీ 7:39లో బోధించాడు. దొరగారి రెండో పెళ్లిని గౌరవించే మనం, మన సంఘంలోని విధవరాలు మళ్లీ తోడు కోరుకుంటే గుసగుసలాడటం న్యాయమా? ప్రియులారా, ఆలోచించుదాం.